టస్కనీ కొండలలో ఒకనాడు

ఇటలీ దేశమును చూడబోవువారు సామాన్యముగా రోము, ఫ్లారెన్సు, వెనిసు నగరములను చూచి, చర్చిలను, చిత్రశాలలను లెక్కపెట్టుకొని తిరిగి వత్తురు. ఆ నగరముల గొప్పతనమును కాదనువారు లేరు. కాని ఆ నగరములకు అన్నము పెట్టిన దెవరు, వాని పాత్రలలో ద్రాక్షసారాయము నింపిన దెవరు అని అడిగినచో సమాధానము నగరములో దొరకదు. ఒక్కనాడైనను ఊరు వదలి కొండలలోనికి పోవలెను. ఇటలీ నడిమి భాగమైన టస్కనీలో, ఫ్లారెన్సు నగరమునకును, దానికి దక్షిణమున నున్న సియెనా నగరమునకును మధ్య అట్టి కొండలు పరచుకొని యున్నవి. వానికి కియాంటీ కొండలని పేరు. ఆ కొండలలోను, వాని చుట్టుపట్లను మేము గడపిన ఒక దినమును గూర్చి ఈ పూట శ్రోతలకు మనవి చేయదలచినాము.

మా బండిలో ఎనమండుగురము. అందు నలుగురము తెలుగువారము. తక్కిన నలుగురు వేర్వేరు దేశములవారు. ఉదయము ఎనిమిది గంటలకు ఫ్లారెన్సులో ఎక్కించుకొని, రాత్రి ఎనిమిది గంటలకు మరల అచ్చటనే దింపుట ఏర్పాటు. బండి నడపువా డొకడు. దారి చూపి విషయములు వివరించు నామె యొకతె. ఆమె ఏబది యేండ్లు దాటిన స్త్రీ. ఆ కొండల దాపుననే పుట్టి పెరిగినది. "ఫొటో తీసికొనుటకు మీరు ఆపుమన్న చోటనెల్ల ఆపుదుము. నేను ఆపిన చోట మాత్రము మీరందరును దిగవలెను" అని ఆమె మొదటనే చెప్పెను. ఆ మాటలోని అర్థము మధ్యాహ్నమునకుగాని మాకు బోధపడలేదు.

అది సెప్టెంబరు నెల చివరి వారము. ద్రాక్ష కోతల కాలము. నగరము దాటిన అరగంటకే దారి మెలికలు తిరుగజొచ్చెను. మన తూర్పు కనుమలవంటి పెద్ద కొండలు కావవి. ఒకదాని వెనుక నొకటిగా, మడత మీద మడతగా నుండు చిన్న కొండలు. వాలు మీద వరుసలు తీర్చిన ద్రాక్షతోటలు, వాని ప్రక్కన వెండివన్నె ఆకుల ఆలివు చెట్లు, పైన ఓకు, చెస్ట్‌నట్ అడవులు, ఇండ్లకు పోవు బాటల వెంట ధ్వజస్తంభములవలె నిటారుగా నిలచిన సైప్రసు వృక్షములు — ఇదియే అచ్చటి దృశ్యము. మన హైదరాబాదు ప్రాంతమున ద్రాక్షతీగను పందిళ్ళపై ప్రాకించుట మనము ఎరిగినదే. ఇచ్చట పందిళ్ళు లేవు. నడుమెత్తు గుంజలు పాతి, తీగెలు లాగి, వాని వెంట మొక్కను ప్రాకింతురు. నేల చూడబోయిన రాతినేల. పలకలు పలకలుగా విరిగెడి ఒక విధమైన మన్నురాయి, సున్నపురాయి కలసి యుండును. ఇట్టి నేలలో ఏమి పండునని మాలో ఒకరు అడిగిరి. నీరు నిలువని బీదనేలయే ఈ ద్రాక్షకు హితమనియు, కాపు తగ్గినకొలది రసము చిక్కబడుననియు, హెక్టారునకు 7.5 టన్నులకు మించి కాయనీయరాదని చట్టమే కలదనియు మా మార్గదర్శిని చెప్పెను.

ఆలివు చెట్లను చూచినప్పుడు మాకొక వింత కనబడెను. మ్రాను ఒక్కటిగా నుండక, ఒకే మొదటినుండి మూడేసి నాలుగేసి కాండములు లేచియున్నవి. 1985 జనవరిలో టస్కనీని ముంచెత్తిన మంచుదెబ్బకు ఆలివు తోటలు విస్తారముగా ఎండిపోయెను. రైతులు చెట్లను మొదలంట నరికిరి. వేరు చావలేదు గనుక మరల చిగిర్చెను. ఆ చిగుళ్ళే నేటి చెట్లు. ఇట్టివి ఎవరైనను చెప్పినగాని కంటికి ఆనవు.

మొదట మేము ఆగినది గ్రేవే అను పట్టణము. ఫ్లారెన్సునకు సుమారు 30 కిలోమీటర్ల దూరము. ఊరి నడుమ సంతవీధి మూడు కోణములుగా నుండును. చుట్టును కమానుల వసారాలు, వాని క్రింద అంగళ్ళు. ఆ వీధి నడుమ వెర్రజానో అను నావికుని విగ్రహము నిలచియున్నది. ఈ ఊరి దాపుననున్న కోట ఆయన వంశమువారిది. ఫ్రాన్సు రాజు పక్షమున ఓడ నడపి 1524లో అమెరికా తీరమున నేటి న్యూయార్కు రేవు ముఖము చేరిన వాడాయనయే. ఆ రేవు ముఖమున 1964లో తెరచిన మహాసేతువునకు ఆయన పేరే పెట్టిరి. సముద్రమే కనబడని కొండలలోనుండి ఒకడు సముద్రము దాటి పోయినాడనగా మాకు ఆశ్చర్యమే కలిగెను. "ఈ కొండలలో పుట్టినవారు పోవుటకే పుట్టుదురు" అని మార్గదర్శిని నవ్వుచు పలికెను. ఆమె ఆ మాటను పరిహాసముగా మాత్రమే అనలేదు.

గ్రేవేకు ఎగువన కొండకొమ్మున మొంతెఫియొరాల్లె అను చిన్న పల్లె కలదు. గుండ్రని ప్రాకారము, రాతియిండ్లు, ఇద్దరు ప్రక్కప్రక్కన నడువజాలని సందులు. ఇట్టి పల్లెలు అచ్చట పెక్కు గలవు. ఊళ్ళు కొండలెక్కి కూర్చుండుటకు కారణములు లేకపోలేదు. ఉత్తరమున ఫ్లారెన్సు, దక్షిణమున సియెనా — ఈ రెండు నగర రాజ్యములును తరతరములు పోరాడుకొన్నవి. 1260లో మొంతాపెర్తి యుద్ధమున సియెనా గెలిచెను. 1555లో సియెనాయే లొంగిపోయెను. నడుమనున్న పల్లెలకు శత్రువును దూరమునుండి కనిపెట్టుట ప్రాణావసరము. టస్కనీ పల్లపు నేలలలో కొన్నిచోట్ల నీరు నిలచి చలిజ్వరములు ప్రబలెడివి. అదియు నొక కారణమే. మన కొండవీడును, గోలకొండను తలచుకొనుడు. మనకు కొండమీద రాజుగారి కోట, క్రింద ప్రజల ఊరు. ఇచ్చట ఊరికి ఊరే కొండ యెక్కినది.

కాని ఇందొక మర్మము కలదు. గోడలలోపల ఉండినవారు కుమ్మరులు, కమ్మరులు, వర్తకులు, మతగురువులు, భూస్వాములు. తోటలో పనిచేయు కుటుంబములలో పెక్కు గోడలకు వెలుపల, వాలుమీద, ఒంటరి యిండ్లలో కాపురముండెడివి. కావుననే కొండకొమ్మున ఊరు చూచి సంతసించువారు, నడుమ దారిలో విడివిడిగా కనబడు రాతియిండ్లను కూడ చూడవలెను. ఈ దేశపు కథలో సగము ఆ యిండ్లలోనే యున్నది.

గ్రేవేనుండి దక్షిణముగా పోవుచుండగా దారి ప్రక్కన నల్లకోడిపుంజు బొమ్మగల పలకలు కానవచ్చెను. ఆ పుంజు కియాంటీ సారాయపు ముద్ర. దీనినిగూర్చి అచ్చటివారు చెప్పుకొను కథ యొకటి కలదు. సరిహద్దు తగవు తీరుటకై రెండు నగరములవారును ఒక ఒడంబడికకు వచ్చిరట. కోడి కూయగానే ఇరువైపులనుండి చెరియొక రౌతు బయలుదేరవలెను. ఇద్దరును కలసిన చోటు ఎల్ల. సియెనావారు తెల్లకోడిని తెచ్చి చక్కగా మేపిరి. ఫ్లారెన్సువారు నల్లకోడిని చీకటిలో మూసిపెట్టి పస్తు పెట్టిరి. కడుపునిండిన కోడి తెల్లవారువరకు నిద్రించెను. ఆకలికోడి నడిరేయిదాటగానే కూసెను. ఫ్లారెన్సు రౌతు సియెనా వాకిటి దాపువరకు వచ్చెను, కియాంటీ అంతయు ఫ్లారెన్సుదయ్యెను. ఇది కట్టుకథయే. ఐనను ఎల్లలు నిర్ణయించినది ఆకలియే అని చెప్పు కథను ఒక దేశమువారు తమ సీసాలపై ముద్రగా వేసికొనుట ఆలోచింపదగినది.

ఎల్లల మాట వచ్చినది గనుక చరిత్రను కూడ చెప్పుకొందము. 1716లో టస్కనీ నేలిన మూడవ కోసిమో మెదీచి ఒక శాసనము వెలువరించి, కియాంటీ మొదలగు నాలుగు ప్రాంతములకు పొలిమేరలు గీసెను. ఆ ఎల్లల వెలుపల పండినదానిని ఆ పేర అమ్మరాదు. ద్రాక్షసారాయమునకు ప్రభుత్వము హద్దులు ఏర్పరచిన తొలి సందర్భములలో ఇది యొకటి. 1924లో రాద్దా అను ఊర 33 మంది ఉత్పత్తిదారులు కూడి తమ సరకు నిజాయితీని కాపాడుటకు సంఘముగా నేర్పడిరి. నల్లకోడి వారి గురుతే. 1932లో ప్రభుత్వము ఆ పేరును చుట్టుప్రక్కల ప్రాంతములకు విస్తరింపజేసినందున, తొలినాటి ప్రాంతము "క్లాసికో" అను విశేషణముతో వేరుపడెను. సీసా మీద నల్లకోడి యున్నచో అది ఈ పాత ప్రాంతపు సరకని గుర్తు.

రాద్దాకు చేరువనున్న ఒక తోటలో మేము దిగితిమి. కోత జరుగుచుండెను. కూలీలు వరుసకు ఇద్దరేసి, తీగకు చెరియొక వైపున నిలచి, కత్తెరలతో గుత్తులు కోసి పెట్టెలలో పరచుచుండిరి. వారిలో కొందరు విదేశములనుండి పనికై వచ్చినవారు. ఇచ్చటి ముఖ్యమైన ద్రాక్షజాతి సాంజొవేసె, నల్లనిది. క్లాసికో సారాయమున నూటికి 80 పాళ్ళకు తక్కువ గాకుండ ఇది యుండవలెను. పండు నలిపినప్పుడు కారు రసమునకు రంగు లేదు. రంగంతయు తోలులోనే యున్నది. కావున రసమును తోలుతోకూడ తొట్లలో నింపి పులియనిత్తురు. తేలివచ్చు తొక్కు మీద మరల మరల రసము పోయుచుందురు. పిదప వడకట్టి ఓకుకొయ్య పీపాలలో నిలువచేయుదురు. సామాన్యపు రకమునకు కనీసము 12 నెలలు, "రిజెర్వా" అను మేలురకమునకు 24 నెలలు గడువు. పూర్వము తెల్లద్రాక్షను కూడ ఇందు కలిపెడివారు. ఇటలీ ఏకరాజ్యమైన 1861లో కావూరు మరణానంతరము ప్రధానమంత్రియైన బెత్తీనో రికాసోలి ఈ కొండలలోని బ్రోలియో కోటకు స్వామి. ఏ పండు ఏ గుణము నిచ్చునో ఆయన యేండ్లతరబడి పరీక్షించి, తన నిర్ణయములను 1872లో ఒక లేఖలో తెలిపెను. సాంజొవేసె వాసనకు, సత్తువకు, కనాయొలో మెత్తదనమునకు, తెల్లనిదైన మల్వజియా తొందరగా త్రాగివేయు సరకునకు మాత్రమే అని ఆయన మతము. 2006 పంటనుండి క్లాసికోలో తెల్లద్రాక్షను కలుపుట నిషేధించిరి.

రుచి చూచు వేళ వచ్చెను. మా నలుగురిలో ఇద్దరము సారాయము ముట్టనివారము. ఇంటాయన అందుకు చిన్నబుచ్చుకొనలేదు. "వాసన చూడుడు, ఉమిసివేయుడు, లేదా ఊరక కూర్చుండుడు, రుచి చూచుటకే వృత్తిగా నున్నవారును మ్రింగరు" అనెను. అచ్చట దానిని భోజనములో నొక భాగముగా, రొట్టెతోను, గొఱ్ఱెపాల జున్నుతోను కలిపి కొంచెముగా పుచ్చుకొందురు. వీధిలో తూలుచు పోవువాడు ఆ దినమంతయు మాకు కనబడలేదు. త్రాగనివారికి అప్పుడే తీసిన ఆలివు నూనె కాలము కాదు గనుక, క్రిందటి సంవత్సరపు నూనెలో రొట్టె ముంచి యిచ్చిరి. నూనె గొంతులో మిరియమువలె చురుక్కుమనెను. అది మంచినూనెకు లక్షణమట. రొట్టెలో మాత్రము ఉప్పు లేదు! టస్కనీ రొట్టెకు ఉప్పు వేయకుండుట అనాది ఆచారము. మా నాలుకలు ఆవకాయకై వెదకుకొన్నవి. చివర "విన్ సాంతో" అను తీపి సారాయము తెచ్చిరి. కోసిన గుత్తులను నెలలతరబడి అటకలపై ఎండబెట్టి, పిండి, చిన్నపీపాలలో మూడేండ్లకు తక్కువగాక నిలువయుంచి చేయునది. అతిథి వచ్చినప్పుడు గాని పూర్వము దానిని తీయరట.

ఆ తోటనుండి బయలుదేరిన పిదప ఒక మలుపులో బండి ఆగెను. "ఇది నేనాపిన చోటు" అనెను మార్గదర్శిని. అందరమును దిగితిమి. ఎదుట వాలు మీద రెండంతస్తుల రాతియిల్లు. ముందర నీలపు నీటితో ఈతకొలను, దాని ప్రక్క తెల్లని కుర్చీలు. సెలవులు గడపవచ్చువారికి వారములవారీగా అద్దెకిచ్చు విడిది యది. "ఆ యింట మా తాతగారు, మామ్మ, వారి పిల్లలు, తాతగారి యన్నదమ్ములు కాపురముండిరి. క్రింది అంతస్తు ఎద్దులది, పైయంతస్తు మనుష్యులది" అని ఆమె చెప్పెను.

అప్పుడామె చెప్పిన వ్యవస్థ పేరు మెద్జద్రీయా. మన రైతులకు దానిని విప్పి చెప్పనక్కరలేదు, సగపాలు సేద్యమే. నేల దొరది, ఇల్లు దొరది, శ్రమ అంతయు కుటుంబముది, పంటలో చెరిసగము. మధ్యయుగములనుండి ఈ కొండలలో ఇదియే పద్ధతి. కుటుంబము పొలములోనే నివసింపవలెను. దొరపక్షమున ఒక పెత్తందారు వచ్చి లెక్కలు వ్రాయును. పండుగలకు ఇన్ని కోళ్ళు, ఇన్ని గ్రుడ్లు దొరయింటికి చేర్చవలెను. ఇంట పెండ్లి చేయవలెనన్నను దొర అనుమతి కావలసిన దినము లుండెడివి; పనిచేయు చేతుల లెక్క మారును గదా! ఆ కాలమున ద్రాక్ష వేరుతోటగా నుండెడిది కాదు. చిన్న చెట్లకు తీగ ప్రాకించి, ఆ వరుసల నడుమ గోధుమ చల్లి, అంచులలో ఆలివు పెంచెడివారు. కడుపు నిండుటకు కావలసినదంతయు ఆ తునకలోనే పండవలెను. వాలు మీద మన్ను జారకుండ రాళ్ళు పేర్చి కట్టిన గట్లన్నియు వారి చేతిపనియే.

రెండవ ప్రపంచయుద్ధానంతరము రైతులు ఉద్యమించిరి. 1947లో వారి పాలు నూటికి 53కు పెరిగెను. 1964 నాటి చట్టము దానిని 58 చేసి, కొత్తగా ఇట్టి ఒడంబడికలు వ్రాసికొనుటను నిషేధించెను. 1982లో వచ్చిన చట్టము మిగిలిన ఒడంబడికలను కౌలుగా మార్చుకొనుటకు వీలు కల్పించెను. కాని చట్టము వచ్చులోపలనే జనము కదలిపోయిరి. లోయలలోని పట్టణములలో కర్మాగారములు లేచినవి. నెలకు జీతము, ఇంట నీటి కుళాయి, పిల్లలకు బడి. కొండ మీది యిండ్లు వేలకొలది పాడుపడెను. మార్గదర్శిని తాతగారు 1965లో కుటుంబముతో కొండ దిగి పోజ్జిబొంసి పట్టణమున పనికి చేరిరి. కొంతకాలమునకు ఆ పాడిండ్లను దూరదేశములవారు, నగరవాసులు చవకగా కొని బాగుచేసికొనిరి. పాత కలగలుపు సేద్యము పోయి, ట్రాక్టరు తిరుగగల వరుసల తోటలు వచ్చినవి. ఇప్పుడు మనము ఫొటో తీయునది ఈ క్రొత్త కొండనే.

మాలో ఒక పెద్దాయన, "అమ్మా, మీ వారు తరములు చాకిరిచేసిన చోటు ఇట్లు పరుల విడిది యగుట చూచి మీకు బాధ కలుగదా?" అని అడిగెను. ఆమె కొంచెము ఆలోచించి, "మా మామ్మ ఈ చోటు అందముగా నున్నదని ఒక్కనాడును అనలేదు. ఏటవాలుగా నున్నదని మాత్రము అనెడిది. కొండ దిగిన నాడు ఆమె వెనుకకు తిరిగి చూడలేదట. నాకు ఈ కొండ అందముగా కనబడుచున్నది, దానిని నేను మోయనవసరము లేదు గనుక" అని బదులు చెప్పెను. మే మెవ్వరమును మారుపలుకలేదు. ఫొటో తీయుటకు చేతికెత్తుకొన్న యంత్రములను కొందరు దింపుకొనిరి.

అక్కడనుండి పడమరగా పోయి మొంతెరిజ్జోనీ చేరితిమి. గుండ్రని గుట్టపై రాతికిరీటము పెట్టినట్లుండు కోట అది. ఫ్లారెన్సును అడ్డగించుటకు సియెనావారు 1213 మొదలు ఆరేడేండ్లలో దీనిని కట్టిరి. ప్రాకారము చుట్టుకొలత 570 మీటర్లు. దానిపై 14 బురుజులు. రెండే వాకిళ్ళు, ఒకటి రోము వైపునకు, రెండవది ఫ్లారెన్సు వైపునకు. మహాకవి దాంతే నరకలోక వర్ణనమున, అగాధకూపము చుట్టును నిలచిన రాక్షసులను ఈ కోట బురుజులతో పోల్చినాడు. లోపల ఒక ముంగిలి, చిన్నచర్చి, బావి, కొలదియిండ్లు, అంతే. పది నిమిషములలో చుట్టి రావచ్చును. ఇంతటి కోటకు 1554లో పట్టిన గతి విచిత్రము. కాపున్న సేనాపతియే పోరులేకుండ దానిని ఫ్లారెన్సు పక్షమునకు అప్పగించెను. రాతిగోడ చేయగలిగినంతయు చేసెను. వాకిలి లోపలినుండి తెరచుకొన్నచో గోడ యేమి చేయును?

ప్రొద్దు వాలువేళకు సాన్ జిమిన్యానో చేరితిమి. దూరమునకే ఆకాశమునకు గ్రుచ్చిన స్తంభములవలె దాని గోపురములు కనబడెను. ఉత్తరదేశములనుండి రోమునకు పోవు యాత్రికుల దారిపై నున్న ఊరిది. సుమారు 990లో కాంటర్బరీ ప్రధానగురువు సిగెరిక్ తన ప్రయాణపు మజిలీలలో దీనిని పేర్కొనెను. యాత్రికుల రాకపోకలవలనను, చుట్టుపట్ల పండు కుంకుమపువ్వు వ్యాపారమువలనను ఊరు ధనవంతమయ్యెను. ధనము వచ్చినప్పుడు పోటీ వచ్చెను. అర్దింగెల్లి వంశమువారు పోపు పక్షము, సల్వూచ్చి వంశమువారు చక్రవర్తి పక్షము. ఒకరు గోపురము లేపినచో, వేరొకరు దానికంటె ఎత్తుగా లేపిరి. లోపల గది యిరుకు, ఎక్కుటకు నిచ్చెనలు. సుఖమునకు గాక దర్పమునకు కట్టినవి. అట్టివి 72 ఉండెడివని చెప్పుదురు. అధికారి భవనపు గోపురముకంటె ఎత్తుగా ఎవరును కట్టరాదని 1255లో శాసనము కూడ చేసిరి. 1311లో పూర్తియైన పెద్ద గోపురము మాత్రము ఊరివారందరిది. దాని యెత్తు 54 మీటర్లు.

నేడు 14 గోపురములు నిలచియున్నవి. ఇవి యెట్లు మిగిలెనను ప్రశ్నకు సమాధానము విచారకరమైనది. 1348లో మహామారి వచ్చి ఊరిని తుడిచిపెట్టెను. 1353లో ఊరు ఫ్లారెన్సునకు లొంగిపోయెను. యాత్రికుల దారియు ప్రాముఖ్యము కోల్పోయెను. ఫ్లారెన్సువంటి సంపన్న నగరములు పాత గోపురములను కూల్చి, క్రొత్త భవనములు లేపుకొన్నవి. సాన్ జిమిన్యానోకు క్రొత్తవి కట్టు శక్తి లేదు, పాతవి కూల్చు అవసరమును లేదు. శతాబ్దముల పేదరికమే వానిని భద్రపరచెను. దానిని 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వములలో చేర్చినది. మనము నేడు సంపదకు గురుతని చూచుచున్నది నిజమునకు దారిద్ర్యము దాచియుంచిన సొమ్ము.

ఊరి నడుమ బావిగల మూడుకోణముల ముంగిలిలో కూర్చుంటిమి. చుట్టును అంగళ్ళలో సీసాలు, తోలుసంచులు, బొమ్మలు. ఈ ఊరి తెల్లని సారాయము వెర్నాచ్చా. 1276 నాటి సుంకపు లెక్కలలో దాని పేరు కలదు. 1966లో ఇటలీ ప్రభుత్వము తొలిసారిగా ప్రాంతీయ నామరక్షణ కల్పించినది దీనికే. సాయంకాలము ఆరు దాటగానే యాత్రికుల బండ్లు ఒక్కొక్కటిగా బయలుదేరెను, వీధి పలుచబడెను. అప్పుడొక ముసలామె పైయంతస్తు కిటికీలోనుండి త్రాటితో బుట్ట క్రిందికి దింపి, పొరుగింటి కుఱ్ఱవానిచేత రొట్టె అందుకొనెను. ఊరు ఇంకను ఊరుగానే యున్నదని మాకు తృప్తి కలిగెను. అయితే గోడలలోపల కాపురముండువారు తగ్గుచున్నారనియు, అంగడి లాభసాటి యైన చోట ఇల్లు నిలువదనియు మార్గదర్శిని చెప్పెను. యాత్రికుల ధనమువలననే పాతగోడలు బాగుపడుచున్నవి. ఆ యాత్రికుల తాకిడివలననే నివాసులు తొలగుచున్నారు. ఈ చిక్కు విప్పుట సులభము కాదు. మన దేశమునను ప్రాచీనస్థలములు గల ఊళ్ళవారు దీనిని గూర్చి ముందుగానే యోచించుట మేలు.

ఈనాడు మన పిల్లలు పలుదేశములలో ఉద్యోగములు చేయుచున్నారు. వారివెంట పెద్దలును ఐరోపా చూచి వచ్చుచున్నారు. అట్టివారు కియాంటీకి పోదలచినచో మా అనుభవము కొంత ఉపకరింపవచ్చును. ఏప్రిలు, మే నెలలుగాని, సెప్టెంబరు, అక్టోబరు నెలలుగాని అనుకూలము. జూలై, ఆగస్టులలో ఎండ, జనము రెండును హెచ్చు. ఊళ్ళలోని రాతివీధులు ఎక్కుడుదిగుడుగా నుండును గనుక మెత్తని అట్టగల చెప్పులు తప్పనిసరి. ఒకేదినమున ఐదారు ఊళ్ళు చూపెదమనువారికంటె మూడు చూపువారే మేలు. సాధ్యమైనచో ఒక రాత్రి కొండమీదనే గడపుడు. బండ్లు వెడలిన పిదపగాని ఊరు తన ముఖము చూపదు. అన్నిటికంటె ముఖ్యముగా, మార్గదర్శిగా ఆ ప్రాంతపు మనిషినే కుదుర్చుకొనుడు. గోపురముల ఎత్తులు, రాజుల సంవత్సరములు పుస్తకములలో దొరకును. ఏ యింటిలో ఎవరుండిరో, ఎందుకు వెడలిరో చెప్పుటకు మనిషి కావలెను.

రాత్రి ఎనిమిదికి ఫ్లారెన్సు చేరితిమి. మరుసటినాడు మేము తీసిన ఫొటోలు చూచుకొనగా కొండలు, తోటలు, గోపురములు అన్నియు చక్కగానే వచ్చినవి. కాని ఆ వాలు ఎంత నిలువుగా నున్నదో ఏ ఫొటోలోను తెలియలేదు. రాళ్ళు పేర్చి గట్టు కట్టినవారికి, ఎండలో బుట్టమోసి పైకెక్కినవారికి తెలిసిన కొలత అది. అందమును చూడబోయిన చోట ఆ కొలతను కూడ అడిగి తెలిసికొనుట యాత్రికుని ధర్మమని మాకు తోచినది. అది కొండకును, దానిని చక్కదిద్దిన చేతులకును మనము చెల్లింపదగిన పాలు.